6 వారాల స్పానిష్‌తో వీధిలోకి: మోర్మన్ మిషనరీల మాటల తడబాట్లు

నమస్కారం. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల నేమ్‌ట్యాగ్. ఇద్దరిద్దరుగా ఇంటింటికీ తిరిగే మోర్మన్ మిషనరీలను, అంటే అమెరికాలో పుట్టిన మోర్మన్ చర్చి మతప్రచారకులను, లాటిన్ అమెరికాలో చాలామంది ఇట్టే గుర్తుపడతారు. 2012 నుంచి అబ్బాయిలు 18 ఏళ్లకే బయలుదేరవచ్చు. అమ్మాయిలకు 2012లో 19 ఏళ్లు అన్నారు, 2025 నుంచి వాళ్లకీ 18 ఏళ్లే. స్పానిష్ రానివాళ్లకు అమెరికాలోని ప్రోవో ఊళ్లోనో మెక్సికో సిటీలోనో సుమారు 6 వారాల శిక్షణ. ఆ పైన నేరుగా జనంలోకి వెళ్లి దేవుడి గురించి మాట్లాడాలి. ఆ ధైర్యానికి మెచ్చుకోవాలి. వాళ్ల తడబాట్లు మాత్రం భలే గమ్మత్తుగా ఉంటాయి, వాటిలో మనం నేర్చుకునేదీ చాలా ఉంది.

అన్నిటికన్నా పేరుమోసిన తప్పుతో మొదలుపెడదాం. ఏదో తప్పు మాట్లాడి సిగ్గుపడ్డ అమ్మాయి 'ఎంబరాస్డ్' అన్న ఇంగ్లీషు మాటకి తోక తగిలించి "ఎస్తోయ్ ఎంబరసాదా" అంటుంది. అంటే "నేను కడుపుతో ఉన్నాను" అని! అబ్బాయి "ఎంబరసాదో" అంటే ఇక చెప్పక్కర్లేదు. సరైన మాట "మే దా బెర్గ్వెన్సా". మెక్సికోలో, కొలంబియాలో "మే దా పేనా" అనికూడా అంటారు. మే అంటే నాకు, దా అంటే ఇస్తోంది, బెర్గ్వెన్సా అంటే సిగ్గు. మన "నాకు సిగ్గేస్తోంది"కి ఎంత దగ్గరో చూడండి! ఇంగ్లీషు మీదుగా వెళ్తేనే గోతిలో పడతాం.

ఇష్టాలు చెప్పేటప్పుడూ అంతే. అమెరికన్ కుర్రాడు "యో గుస్తో" అని తంటాలు పడతాడు. తెలుగులో "నాకు మామిడిపండు నచ్చుతుంది, మామిడిపళ్లు నచ్చుతాయి" అంటాం కదా. స్పానిష్‌లోనూ "మే గుస్తా ఎల్ మాంగో, మే గుస్తాన్ లోస్ మాంగోస్". క్రియ పండుని బట్టే మారుతుంది, మనిషిని బట్టి కాదు.

ఆకలి, ఉక్క, వయసు మాత్రం స్పానిష్‌లో "తెంగో"తో చెప్పాలి. అంటే "నా దగ్గర ఉంది" అని. ఉక్కపోస్తే "తెంగో కలోర్". "ఎస్తోయ్ కల్యెంతే" అన్నారో, కామంతో ఉన్నానని అర్థం. "తెంగో ఆంబ్రే" అంటే ఆకలేస్తోంది. మొదటి అచ్చు జారి "తెంగో ఓంబ్రే" అయితే నాకో మగాడున్నాడని! వయసు చెప్పేటప్పుడు "ఆన్యోస్" అనాలి, న్యాయంలో 'న్యా' పలికినట్టు. ఉత్త 'నో' పలికితే "నాకు 19 మలద్వారాలు" అని చెప్పినట్టు. ఇది సరదా కోసం కల్పించింది కాదు, నిజంగానే ఆ మాటకి అర్థం అదే.

ప్రసంగాల్లో ఎక్కువగా దొర్లేది పెకాదో, పెస్కాదో. మొదటిది పాపం, రెండోది చేప. "క్రీస్తు మన చేపల కోసం మరణించాడు" అని ఎంతో భక్తిగా చెప్పేస్తారు. డొమినికన్ రిపబ్లిక్ లాంటి చోట్ల హల్లుకి ముందున్న 'స'ని జనం దాదాపు మింగేస్తారు. అక్కడ ఈ రెండు మాటలూ చెవికి ఒకేలా వినబడతాయి, కొత్తవాళ్లకి ఇంకా కష్టం.

భోజనాల దగ్గర ఇంకొకటి. నిల్వ ఉంచే రసాయనాలు లేని తిండి కావాలని "సిన్ ప్రెసెర్బతీబోస్" అనకండి, అది కండోమ్. స్పెయిన్‌లో "కొన్సెర్బాంతెస్", మెక్సికోలో "కొన్సెర్బదోరెస్". బస్సు ఎక్కడానికి స్పెయిన్‌లో "కొహేర్" మామూలు మాటే, మెక్సికో, అర్జెంటీనాల్లో పచ్చి బూతు. ఎక్కడైనా చెల్లేది "తొమార్".

మరి మనకి వచ్చే చిక్కేమిటి? ర్ర కాదు, గొర్రె అనగలిగితే "పెర్రో" (కుక్క) వచ్చినట్టే. మన చిక్కంతా ఊనికతోనే, అంటే మాటలో ఏ అక్షరాన్ని నొక్కి పలకాలన్నదానితోనే. "పాప" అంటే బంగాళదుంప, "పపా" అంటే నాన్న. "ఆబ్లొ" అంటే మాట్లాడతాను, "అబ్లో" అంటే అతను మాట్లాడాడు. ఊనిక ఉన్న చోట అచ్చుని కాస్త సాగదీయండి, మన నోటికి అదే సులువైన దారి. ఇలాంటి జంటల్ని విడివిడిగా బట్టీపట్టకుండా ఒకే వాక్యంలో పెట్టి రోజూ పైకి చదవండి: "మి పపా కోమె పాపాస్", మా నాన్న బంగాళదుంపలు తింటాడు.

అయినా నోరు జారిందా? ఎదుటివాళ్లు నవ్వగానే "పెర్దోన్, కీసె దెసీర్" (క్షమించండి, నేను అనబోయింది) అని, అనదలచుకున్న మాట దాని వెంటే చెప్పేయండి. ఆ మాట తెలియకపోతే వస్తువుని చూపించి "కోమో సె దీసె?" (దీన్ని ఎలా అంటారు?) అని అడగండి, వాళ్లే అందిస్తారు.