పులిమేక: ఒకే గీతల మీద రెండు గెలుపులు

అందరికీ నమస్కారం. తిరుపతిలో మా ఇంటి వసారాలో కూర్చుని ఈ వీడియో చేస్తున్నాను. కెమెరా కిందికి తిప్పుతున్నా, నేల మీద సుద్దముక్కతో గీసింది చూడండి. ఇదే పులిమేక. పులిజూదం అని కూడా అంటారు.

ముందు గీద్దాం. పైన ఒక కొన. అక్కణ్ణుంచి కిందికి విచ్చుకుంటూ నాలుగు గీతలు. వాటి మీదుగా నాలుగు అడ్డగీతలు. పై మూడు అడ్డగీతల్ని రెండు పక్కలా కాస్త బయటికి లాగి, ఆ చివర్లని నిలువుగా కలిపేయండి. నాలుగోది అడుగున, బయటికి రానక్కర్లేదు. ఇప్పుడు గీతలు కలిసే చోట్లు లెక్కపెట్టండి. కొన 1, మూడు గీతల మీద ఆరేసి 18, అడుగున 4. మొత్తం 23 రావాలి. రాలేదంటే ఎక్కడో గీత తప్పింది, చెరిపి మళ్ళీ గీయండి.

పులులు 3, మేకలు 15. మా ఇంట్లో పులులకి గులకరాళ్ళు, మేకలకి చింతగింజలు. ఒక పులిని కొన మీద, రెండింటిని దాని కింది గీత మీద మధ్యలో పెడతాం. మేకల్ని వంతుకొకటి చొప్పున దించాలి. 15 దించేదాకా ఏ మేకనీ కదపకూడదు. పులి ఒక అడుగు వేయొచ్చు, లేదా పక్కనున్న మేక మీదుగా తిన్నగా అవతలి ఖాళీ చోటికి దూకి దాన్ని తినేయొచ్చు. ఎన్ని తింటే పులి గెలిచినట్టో ఊరికొక లెక్క. మా ఇంట్లో ఆరు.

మేకలకి పులిని చంపే వీల్లేదు. మూడు పులులూ ఎటూ కదలకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు. ఒకరికి తినడం గెలుపు, ఇంకొకరికి దోవ మూయడం గెలుపు. నాకు ఈ ఆట మీద ఇంత ఇష్టం అందుకే.

తాతయ్యగుంట గంగమ్మ జాతరకి చుట్టాలంతా దిగినప్పుడు మా అవ్వ నాతో ఈ ఆట ఆడేది. నేను ఒక్కో మేక పోతుంటే టెన్షన్ పడి, ఉన్నవాటిని ఒకదాని పక్కన ఒకటి చేర్చి కూర్చునేవాణ్ణి. ప్రతిసారీ ఓడిపోయేవాణ్ణి. "మేకల్నే చూస్తా కూర్చుంటే ఎట్రా? పులికి ఎన్ని దోవలున్నాయో లెక్కపెట్టు" అనేది.

ఆ లెక్క ఇదీ. కొన మీదున్న పులిని చూడండి. దానికి నాలుగు దోవలు. ఆ నాలుగూ మూయాలి, దూకకుండా వాటి వెనక నాలుగూ మూయాలి. ఒక్క పులికే ఎనిమిది మేకలు ఖర్చు. అదే పులి పై అడ్డగీత చివర, ఈ మూలలో ఉంటే? పక్కన ఒకటి, కింద ఒకటి, వాటి వెనక రెండు. నాలుగు మేకలతో పని అయిపోయింది. ఉన్నవి పదిహేనే కాబట్టి పులుల్ని మూలలకి రప్పించాలి. మూల పక్కన ఒక మేకను ఎరగా పెట్టండి. పులి దాన్ని తిని మూలలో దిగుతుంది. మేక పోయిందని బాధపడొద్దు. ఇప్పుడు మొదట వెనక చోటు మూయండి, పక్క చోటు ఆ తర్వాత. ఇది తిరగబడితే పక్కనున్న మేకనూ తినేసి బయటికొచ్చేస్తుంది. అవతలివాళ్ళ ధ్యాస వేరే పులి మీద ఉన్నప్పుడు చేయాల్సిన పని ఇది.

ఇంకో మాట, కొనని పక్కనపెడితే, మేకని పులి ముట్టలేని చోట్లు ఆరున్నాయి. రెండు పక్కల నిలువు గీతల చివర్లు, అంటే నాలుగు మూలలు, ఇంకా అడుగుగీత రెండు చివర్లు. అక్కడ మేక వెనక గీతే లేదు, పులి ఎక్కడికి దూకుతుంది? మొదటి మేకల్ని అక్కడ దించండి. ఎర వేసే మూల ఒక్కటి మాత్రం ఖాళీగా వదలండి.

ఈ ఆటలో గెలవడానికి ఒక్కొక్కరికీ ఒక్కో దారే. ఒకే మనిషికి చాలా దారులుండే ఆటలూ ఉన్నాయి. కంప్యూటర్లో సివిలైజేషన్ ఆడేవాళ్ళకి తెలుసు. 1991లో వచ్చిన మొదటి ఆటలోనే అందరినీ జయించి గెలవొచ్చు, అంతరిక్ష నౌకని వేరే నక్షత్రానికి చేర్చీ గెలవొచ్చు. నాకు మాత్రం ఇద్దరు ఆడే కార్డుల ఆట సెవెన్ వండర్స్ డ్యుయల్ ఇంకా నచ్చుతుంది. 2015లో వచ్చింది. సైన్యాన్ని అవతలివాళ్ళ రాజధాని దాకా నెడితే అక్కడికక్కడే గెలుపు. వేర్వేరు విజ్ఞాన గుర్తులు ఆరు కూడబెట్టినా అంతే. రెండూ జరగకపోతే చివర్లో పాయింట్లు.

మొన్న మా అక్క దగ్గర ఐదు గుర్తులు చేరాయి. ఆరోది పైకి తేలింది, నా వంతు. నాకు ఆ కార్డు కట్టే డబ్బుల్లేవు, అయినా తీసి పారేసి నాణేలు తీసుకున్నాను. దాంతో కింద మూసి ఉన్న ఎర్ర కార్డు, అంటే సైన్యాన్ని ముందుకు నెట్టే కార్డు, తెరుచుకుంది. అక్క సైన్యం నా గుమ్మం ముందే ఉంది. ఆ ఎర్ర కార్డుతో గెలిచేసింది. ఒక దారి మూయబోయి రెండోది నేనే తెరిచాను. అవ్వ చెప్పిన లెక్క ఇక్కడా అదే: వాళ్ళకి ఎన్ని దోవలున్నాయి, నేను ఒకటి మూస్తే ఏది తెరుచుకుంటుంది?

సరే, మళ్ళీ సుద్దగీతల దగ్గరికి వద్దాం. ఇవాళ ఇంట్లో ఎవరితోనైనా రెండు ఆటలు ఆడండి, ఒకసారి పులిగా, ఒకసారి మేకగా. మేకగా ఆడినప్పుడు మొదటి పులిని కట్టడానికి ఎన్ని చింతగింజలు పట్టాయో రాసి పెట్టుకోండి. నాలుగుకి దగ్గరగా వస్తే మూల పట్టుకున్నట్టే.