ఫైలు మీద దాని పేరుండాల

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, మేడమ్స్‌కి, పిల్లలందరికీ. శాలువాలు అయిపోయినయ్ కాబట్టి నేరుగా విషయానికొస్తా. ప్రోగ్రాం ఫైళ్లలో ఎప్పుడేం మార్చామో చరిత్ర రాసిపెట్టే గిట్ గురించి చెప్పమని పిలిచారు, పనిని కొమ్మలుగా చీల్చే బ్రాంచులూ మళ్ళీ కలిపే మెర్జులూ మధ్యాహ్నం ల్యాబ్‌లో మీ సార్ చెప్తారు, నేను మాత్రం కీవర్డ్ ఎక్స్‌పాన్షన్ గురించి, అంటే ఫైల్లో ఒక గుర్తు మాట పెడితే అక్కడ ఆ ఫైలు వివరాలు వాటంతటవే నిండేదాని గురించి మాట్లాడాల. ఈ మాట విన్నోళ్లు చేతులెత్తండి. చూశారా, ఒక్క చెయ్యి లేదు. అదే నా బాధ.

1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కిండ్, గిట్ చేసే పనికే పుట్టిన పాత టూలు ఎస్‌సీసీఎస్ రాసినప్పుడే ఈ ఏర్పాటుంది. 1980ల్లో పర్డ్యూ యూనివర్సిటీలో వాల్టర్ టిక్కీ అట్లాంటిదే ఆర్‌సీఎస్ చేశాడు, అందులో ఫైల్లో డాలర్, ఐడీ, మళ్ళీ డాలర్ అని రాసి పెడితే చాలు, చెక్అవుట్ చేసినప్పుడు, అంటే ఫైలు బయటికి తీసినప్పుడు, ఆ మధ్యలో ఫైలు పేరు, వెర్షన్, తేదీ, ఎవరు మార్చారో అన్నీ అదే నింపేది. కంపైల్ చేసిన ప్రోగ్రాంలోకి ఆ లైను చేరిందంటే ఐడెంట్ అని కమాండ్ కొడితే బయటికి చదివి చెప్పేది.

ఇది ఎందుకు కావాలో చెప్తా. చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ. బ్లాకు కొలతల్లో అలవెన్స్ తీసేసి క్యూబిక్ మీటర్లు లెక్కేసే స్క్రిప్టు ఉండాది, లెక్క తేడా వస్తా ఉందని పిలిస్తే పోయినా. కంప్యూటర్‌లో ఏముంది? ఫైనల్, ఫైనల్ కొత్తది, ఫైనల్ వాడేది. రాసిన కుర్రోళ్ల దగ్గర గిట్ ఉంది, చరిత్రంతా ఉంది, కానీ ఈ మూడూ పెన్‌డ్రైవ్‌లో వచ్చినయ్. సరే, ఫైల్లో ఉన్నదాన్నిబట్టి హ్యాష్ అని వేలిముద్ర లాంటి నంబరు తీసే గిట్ హ్యాష్ ఆబ్జెక్ట్ కమాండ్ కొట్టి పోల్చుదామంటే ఎవరో అక్కడే రేటు మార్చి సేవ్ చేశారు, ఒక్క అక్షరం మారినా హ్యాష్ మొత్తం మారిపోతుంది కదా, ఇంక దేనితోనూ కలవదు. కిటికీలోంచి చూస్తే యార్డులో బ్లాకులు, ప్రతిదాని మీదా పెయింటుతో నంబరు, పొడుగు, వెడల్పు, ఎత్తు. అబ్బయ్యా, రాయికి ఉన్న నంబరు దాన్ని కొలిచే ఫైలుకి లేదు! ఫైలు నెత్తిన ఆ ఒక్క లైనుంటే, తర్వాత ఎవరు చెయ్యి పెట్టినా, ఎక్కడి నుంచి బయల్దేరిందో తెలిసేది. రాత్రంతా లైను లైను పోల్చుకుంటా కూర్చున్నాం.

గిట్‌ని తిట్టడానికి రాలేదు నేను. గిట్‌కి ముందొచ్చిన సీవీఎస్‌లో డాలర్ లాగ్ డాలర్ అని ఒకటుండేది, మార్పుల చరిత్రంతా ఫైల్లోనే పోసేది, బ్రాంచులు కలిపితే మార్పులు ఒకదానికొకటి గుద్దుకుని కాన్‌ఫ్లిక్టులే కాన్‌ఫ్లిక్టులు. ఫోటోలకి, ఇందులో ఏం మార్చొద్దు అని చెప్పే కేబీ ఆప్షన్ పెట్టడం మర్చిపోతే బొమ్మలే పాడయ్యేయి. అందుకే దాని తర్వాతొచ్చిన సబ్‌వర్షన్‌లో లాగ్ తీసేసి, మిగతావి కూడా ఫైలుకి ప్రాపర్టీ అనే సెట్టింగ్ పెడితేనే పని చేసేట్టు చేశారు. గిట్‌లో కమిట్ నంబరు, అంటే దాచిన ఒక్కో మార్పుకి పడే హ్యాష్, ఫైలు లోపలుండే దాన్నిబట్టే పుడతది, మళ్ళీ దాన్ని తీసుకుపోయి ఆ ఫైల్లోనే ఎట్ట రాస్తారు? కుదరదు. అది నేనూ ఒప్పుకుంటా.

కానీ ఉన్నదన్నా వాడండయ్యా! గిట్ ఆట్రిబ్యూట్స్ ఫైల్లో ఐడెంట్ అని పెడితే డాలర్ ఐడీలో చెక్అవుట్ అప్పుడు ఆ ఫైలు బ్లాబ్ హ్యాష్, అంటే ఆ ఒక్క ఫైలుదే హ్యాష్, వచ్చి కూర్చుంటది. తేదీ ఉండదు, పేరుండదు, అయినా గిట్ లాగ్ కమాండ్‌కి ఫైండ్ ఆబ్జెక్ట్ ఆప్షన్‌తో ఆ హ్యాష్ ఇస్తే ఏ కమిట్‌దో దొరుకుద్ది. కస్టమర్‌కి జిప్ ఇచ్చేటప్పుడు ఫైల్లో డాలర్ ఫార్మాట్ లైను రాసి, ఆ ఆట్రిబ్యూట్స్‌లోనే ఎక్స్‌పోర్ట్ సబ్‌స్ట్ పెట్టి గిట్ ఆర్కైవ్ కమాండ్‌తో తియ్యండి, అప్పుడు కమిట్ నంబరే పడతది. బిల్డ్ చేసేదైతే గిట్ డిస్క్రైబ్ కమాండ్ ఇచ్చే వెర్షన్ పేరు లోపల పెట్టి, అబౌట్‌లో చూపించండి.

వెనక బెంచీ అబ్బయ్యలూ, మీ ఫైనలియర్ ప్రాజెక్టు పెన్‌డ్రైవ్‌లో ఇస్తారంటగా? మధ్యాహ్నం ల్యాబ్‌లో ముందు ఆ ఐడెంట్ లైను పెట్టండి, నేను సాయంత్రం బస్సు దాకా ఇక్కడే ఉంటా, వచ్చి చూస్తా.