బ్యాక్‌లాగ్ జాబితా గ్రూపులో పెడితే పిల్లలు చదువుతారా?

విశాఖలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ, సబ్జెక్టులు పోయిన విద్యార్థుల పేర్లను తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. దానిపై స్టూడియోలో జరిగిన చర్చ ఇది. మాటలకు మాటలు అడ్డుపడిన చోట అలాగే ఉంచాం.

మోడరేటర్: సర్, మీతోనే మొదలుపెడదాం. ఈ ఫెయిల్యూర్లన్నిటికీ అసలు కారణం ఫోనే కదా?

రిటైర్డ్ ప్రొఫెసర్: ఫోను సంగతి తర్వాత. భయం లేనిదే చదువు రాదండీ! రాధాకృష్ణన్ గారు 1931 నుంచి 1936 దాకా వీసీగా చేసిన యూనివర్సిటీ ఉన్న ఊరిది. మా రోజుల్లో పేర్లు బోర్డు మీదే అంటించేవారు. ఎవరికేమైంది?

సైకాలజిస్టు: అయినవాళ్లు బయటికి చెప్పుకోలేదు సర్. భయపడితే పుస్తకం తీస్తారు, నిజమే. తీసి ఎలా చదువుతారన్నది ముఖ్యం. 1976లో స్వీడన్‌లో మార్టన్, సాల్యో అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి చదివించారు. కొందరు ఏ ప్రశ్న అడుగుతారోనని వాక్యాలు గుర్తుపెట్టుకునే పనిలో పడ్డారు. కొందరు అసలు విషయమేంటని...

ప్రొఫెసర్: స్వీడన్ మనకెందుకమ్మా? ఎక్కాలు బట్టీ పట్టకుండా వచ్చాయా? పద్యాలు వచ్చాయా?

సైకాలజిస్టు: అర్థం తెలిశాక కంఠతా పడితే మంచిదే. నేనంటున్నది...

ప్రొఫెసర్: చూశారా, ఒప్పుకున్నారు!

మోడరేటర్: అమ్మా, నువ్వు థర్డ్ ఇయర్ మెకానికల్ కదా. రోజుకి ఫోను ఎంతసేపు చూస్తావు?

విద్యార్థిని: ఫోను చూస్తాను సర్, కాదనను. కానీ నా సబ్జెక్టు పోయింది అందువల్ల కాదు. థర్మోలో, అంటే వేడి గురించి చెప్పే థర్మోడైనమిక్స్‌లో, పాత పేపర్లు చూసి ఇంపార్టెంట్స్ బట్టీ పట్టాను. మిడ్స్‌లో రెండో నియమం అక్షరం పొల్లుపోకుండా రాశాను. వైవాలో సర్ ఒకటే అడిగారు: చల్లారిన టీ తనంతట తాను ఎందుకు వేడెక్కదు? నోరు పెగల్లేదు. వేడి తనంతట తాను చల్లటి దాన్నుంచి వేడి దానికి పోదన్నదే ఆ నియమం. రాసిందీ అడిగిందీ ఒకటేనని కూడా తట్టలేదు. తర్వాత ఆ పుస్తకం తెరిస్తేనే టెన్షన్. సప్లీకి మళ్లీ అవే ఇంపార్టెంట్స్.

సైకాలజిస్టు: ఇదేనండీ నేను చెబుతున్నది! పెక్రున్ అనే జర్మన్ సైకాలజిస్టు 2006లో రాసింది కూడా ఇదే. ఫలితం తనకి చాలా ముఖ్యం, కానీ అది తన చేతిలో లేదనిపించినప్పుడు ఆందోళన పుడుతుంది. ఆందోళన బుర్రలో చోటు తినేస్తుంది. అప్పుడు పిల్లలు అర్థం చేసుకునే ఓపిక లేక బట్టీకే...

ప్రొఫెసర్: ఆ వైవా అడిగిన ఆయన మంచి మాస్టారు. నాలుగు చీవాట్లు పెట్టుంటే ఆ అమ్మాయి ఈపాటికి నేర్చుకునేది. క్రమశిక్షణండీ, క్రమశిక్షణ!

మోడరేటర్: క్రమశిక్షణ అంటే ఫోన్ పక్కన పెట్టడమే కదా సర్?

విద్యార్థిని: ఆయన తిట్టలేదు సర్. కూర్చోబెట్టి చెప్పారు. నాకర్థమైంది ఆ పది నిమిషాల్లోనే.

(ఈ మాట మీద ఎవరూ ఆగలేదు. చర్చలో అన్నిటికంటే విలువైన మాట ఇదే.)

తండ్రి (గాజువాక): నా కొడుకు పేరు కూడా ఆ లిస్టులో ఉందండీ. మా వీధిలో ముగ్గురు ఆ గ్రూపులోనే ఉన్నారు. వాడు వారం నుంచి అన్నం సరిగ్గా తినట్లేదు. పుస్తకం ముట్టుకోలేదు. సిగ్గుతో ఎవడు చదువుతాడండీ?

సైకాలజిస్టు: 2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖలోనే చనిపోయిన కోచింగ్ విద్యార్థిని కేసులో మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థా ఒక కౌన్సెలర్‌నైనా పెట్టాలంది. పిల్లల్ని పదిమందిలో అవమానించొద్దని...

ప్రొఫెసర్: 'వీలైనంత వరకు' అని ఉంది అందులో! నేనూ చదివాను.

సైకాలజిస్టు: ఉంది. అయితే అవమానించొచ్చనా సర్?

ప్రొఫెసర్: అవమానం కాదమ్మా, సమాచారం! ఫీజు కట్టే తండ్రికి తెలియొద్దా?

తండ్రి: నాకు చెప్పండి. నా ఒక్కడికి చెప్పండి. ఊరందరికీ ఎందుకు?

(ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడారు.)

మోడరేటర్: సమయం దగ్గరపడింది. సర్, మీరొక్క మాటలో...

ప్రొఫెసర్: ఒక్క మాట కాదు, రెండు. భయం ఉండాలి, బట్టీ ఉండాలి. మా బ్యాచ్‌లో...

సైకాలజిస్టు: నా మాట పూర్తి కాలేదండీ.

మోడరేటర్: వచ్చే వారం తప్పకుండా మేడమ్. సర్ చెప్పినట్టు క్రమశిక్షణ ముఖ్యం, ఫోన్లు తగ్గించాలి.

తండ్రి: మరి ఆ లిస్టు తీసేస్తారా లేదా?

మోడరేటర్: చిన్న విరామం.