నొప్పెట్టని చెవి

అధ్యక్షులకు, ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం. నా గురించి చెప్పిన పెద్ద మాటల్లో సగం తీసేయండి. నాకిచ్చిన అంశం ‘పిల్లల వినికిడి’. నేను మాత్రం చెవిలో చీము గురించే మాట్లాడతాను. నెలలూ ఏళ్లూ కారే చీము.

దీంతో చిక్కేమిటంటే, ఇది నొప్పెట్టదు. జలుబుతో వచ్చే చెవిపోటుకైతే పిల్లవాడు రాత్రంతా ఏడుస్తాడు, పొద్దున్నే డాక్టరు దగ్గరికి తీసుకెళతారు. కర్ణభేరికి చిల్లుపడి చీము బయటికొచ్చిందంటే ఒత్తిడి తగ్గుతుంది, ఏడుపు ఆగుతుంది. చాలామందికి ఆ చిల్లు తనంతట తానే పూడుతుంది. కొందరికి పూడదు. రెండు వారాలు దాటినా కారుతూనే ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని దీర్ఘకాలిక జబ్బు కిందే లెక్కేస్తుంది. అక్కణ్ణించి జలుబు చేస్తే కారుతుంది, నీళ్లు పోతే కారుతుంది. మధ్యలో ఎండుతుంది. ఎండగానే ‘తగ్గిపోయిందండీ’ అంటారు. చిల్లు అలాగే ఉంటుంది!

మందుల దగ్గరికి వచ్చే ముందు ఒక పిల్లవాడి సంగతి చెప్పాలి. ‘మొండివాడండీ, పిలిస్తే పలకడు’ అని తీసుకొచ్చారు. రెండు చెవుల్లోనూ దూది. తీసి చూస్తే రెండు వైపులా చిల్లులే. ఆడియోగ్రామ్‌లో, అంటే వినికిడి పరీక్షలో, రెండు చెవులకూ 45 డెసిబెల్స్ దాకా లోటు. మామూలుగా మాట్లాడే మాట 60 డెసిబెల్స్ ఉంటుంది, అదీ దగ్గర నిలబడితే. అందులోంచి 45 పోతే వీడికి వినపడేదెంత? ఈ పిల్లవాణ్ణి క్లాసులో ఎక్కడ కూర్చోబెట్టారో తెలుసా? చివరి బెంచీలో. వాసన వస్తోందని పక్కవాళ్లు ఫిర్యాదు చేశారట. అందరికంటే ముందు కూర్చోవలసినవాణ్ణి అందరికంటే వెనక్కి పంపి, పాఠం వినడం లేదని నిలబెట్టారు. నేను ఇక్కడున్న ఎవరినీ అనడం లేదు. కాదు, అంటూనే ఉన్నాను. మీలో ఎంతమంది క్లాసులో చెవిలో దూది పెట్టుకున్న పిల్లలున్నారు? చేతులెత్తనక్కర్లేదు, మనసులో లెక్కేసుకోండి.

సరే, వైద్యం. ముందు చెవి శుభ్రం చేయాలి, అదీ చూసి చేయగలవాళ్లు చేయాలి. చీము నిండిన చెవిలో చుక్కలు వేస్తే మందు లోపలికి చేరదు. సిప్రోఫ్లోక్సాసిన్, ఓఫ్లోక్సాసిన్ లాంటి యాంటీబయోటిక్ చుక్కలు బాగా పనిచేస్తాయి, మాత్రల కంటే ఎక్కువగానే. ఇంట్లో మిగిలిన ఏదో సీసా మాత్రం వాడకండి. జెంటామైసిన్ జాతి మందులు చిల్లులోంచి లోపలి చెవికి చేరితే ఉన్న వినికిడి కూడా పోవచ్చు. నూనె వద్దు, పెరాక్సైడ్ వద్దు. స్నానానికి ముందు వ్యాజిలిన్ రాసిన దూది పెట్టి, అవగానే తీసేయాలి. రోజంతా ఉంచకూడదు. చెవి ఎండాక కూడా చిల్లు ఉండిపోతే చెవి పైనున్న కండరం మీది పొర తీసి అతికే ఆపరేషన్ ఉంది. 1950ల నుంచీ చేస్తున్నదే, టెన్షన్ పడాల్సింది కాదు.

ఒక్క రకానికి మాత్రం చుక్కలు చాలవు. చీము కొంచెమే ఉన్నా భరించలేని కంపు. అది కొలెస్టియటోమా కావచ్చు. చర్మం పెరగకూడని చోట, మధ్య చెవిలో, పెరిగి చుట్టూ ఎముకను తినేస్తూ పోతుంది. ముందు వినికిడి ఎముకలు, తర్వాత ముఖాన్ని కదిలించే నరం, ఒక్కోసారి మెదడు పొరల దాకా. దీనికి ఆపరేషన్ తప్పదు. చెవి కారే మనిషికి మూతి వంకరపోయినా, చెవి వెనక వాచినా, జ్వరంతో తలనొప్పి, వాంతులు, కళ్లు తిరగడం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. రేపు చూద్దాం అనకూడదు.

గంట కొట్టేశారు. మిమ్మల్ని నేనడిగేది ఒక్కటే. ఇందాక మనసులో లెక్కేసుకున్న పిల్లల్ని సోమవారం ముందు బెంచీకి మార్చండి, బాగా వినిపించే చెవి మీ వైపు ఉండేలా. తల్లిదండ్రుల్ని పిలిచి, చెవి ఎండినా సరే, డాక్టరుకు చూపించమనండి. ఇక ప్రశ్నలు అడగండి. ఇయర్ బడ్స్ గురించి మాత్రం అడగకండి, వద్దనే చెబుతాను.