గురక మధ్యలో ఊపిరి ఆగుతోందా?

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారమండి.

మన భీమవరం చుట్టుపక్కల ఊళ్లలో మగాడు గురక పెడుతుంటే, పగలంతా చెరువు గట్టు మీద తిరిగాడు, హాయిగా పడుకున్నాడనుకుంటాం. ఆ గురక ఉన్నట్టుండి ఆగిపోతే మాత్రం నాకు భయమేస్తుందండి.

నిద్రలో గొంతు కండరాలు సడలుతాయి. మోటారు నీళ్లు లాగుతుంటే మెత్తటి పైపు లోపలికి అతుక్కుపోయినట్టు, కొందరికి గాలి దారి మూసుకుపోతుంది. ఛాతీ ఎగసిపడుతూనే ఉంటుంది, గాలి లోపలికి పోదు. 10 సెకన్లు, 20, ఒక్కోసారి నిమిషం దాకా. రక్తంలో ఆక్సిజన్ పడిపోయి, మెదడు ఉలిక్కిపడి లేపితే, ఒక్కసారిగా రొప్పుతూ ఊపిరి అందుకుంటాడు. గంటకు 30 సార్లు, ఆపైన ఇలా జరిగితే తీవ్రమైన స్లీప్ ఆప్నియా అంటాం. పొద్దున అడిగితే, ‘నాకేం, బాగానే పడుకున్నా’ అంటాడు. పాపం, ఆ మెలకువలు ఆయనకు గుర్తుండవు. అమ్మా, పక్కన పడుకున్న మీరు చూసి చెప్పకపోతే మా డాక్టర్లకు తెలిసే దారి లేదు.

రాత్రి పదేపదే ఒంటేలుకు లేస్తుంటే షుగరేమో అనుకుంటారు. షుగరు పరీక్ష చేయించండి, ఈ జబ్బు వల్లా కావొచ్చు గనుక గురక సంగతీ చెప్పండి. పొద్దున్నే తలనొప్పి, పేపరు చదువుతూనే కునికిపాట్లు, మూడు రకాల మాత్రలు వేసినా దిగని బీపీ, ఇవన్నీ అనుమానించాల్సినవే. లావుపాటి వాళ్లలో, మెడ మందంగా ఉన్నవాళ్లలో ఎక్కువ. దవడ వెనక్కి ఉంటే సన్నటివాళ్లకూ వస్తుంది. ముట్లుడిగిన ఆడవాళ్లు సిగ్గుపడి గురక మాట దాచి, నీరసమని మాత్రం చెబుతారు. నోరు తెరుచుకుని గురకపెట్టే పిల్లలకు టాన్సిల్స్, ముక్కు వెనకాల ఉండే ఎడినాయిడ్స్ అనే కండ వాచాయేమో చూపించాలి.

వదిలేస్తే బీపీ ముదురుతుంది, గుండె లయ తప్పుతుంది, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. చేపల లోడుతో రాత్రిళ్లు బెంగాల్ దాకా బండి నడిపే డ్రైవర్లయితే, స్టీరింగ్ మీద ఒక్క కునుకు చాలు. ఈ లక్షణాలున్న డ్రైవరు ‘ఈ ట్రిప్పు వేసొచ్చి చూపించుకుంటా’ అనొద్దు. మద్యం తాగితే గొంతు ఇంకా సడలుతుంది. నిద్రమాత్రలు సొంతంగా వేసుకోకండి.

గురకను ఫోన్లో వీడియో తీసి తెండి. వేలికి, ముక్కుకు, ఛాతీకి చిన్న పరికరాలు పెట్టుకుని చాలామంది ఇంట్లోనే పరీక్ష చేయించుకోవచ్చు. 1980ల మొదట్లో ఆస్ట్రేలియా డాక్టరు కోలిన్ సల్లివన్ కనిపెట్టిన సీప్యాప్ అనే యంత్రం, నిద్రలో పెట్టుకునే మాస్కు ద్వారా గాలి పంపి, ఆ ఒత్తిడితో గొంతును తెరిచి ఉంచుతుంది. మాస్కు మొదట్లో చిరాకే. సైజు మార్పించుకోండి గానీ అటక మీద పడేయకండి. బరువు తగ్గితే జబ్బూ తగ్గుముఖం పడుతుంది.

ఇంకొక్క మాట. కంటికైనా, మోకాలికైనా ఆపరేషనుకు వెళ్తే, నిద్రలో ఊపిరి ఆగుతోందని మత్తు డాక్టరుకు ముందే చెప్పండి.