నీలం స్ట్రాబెర్రీ అనేది లేదు

(హైదరాబాద్‌లో ఒక కాలనీ మిద్దెతోటల కలయికలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ఆదివారం వంట పక్కన పెట్టి వచ్చిన అమ్మలకు, వాళ్ళ సంచులు మోయడానికి వచ్చిన అన్నయ్యలకు కూడా. అధ్యక్షులు గారు నా గురించి చాలా చెప్పారు. అందులో వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యానన్నది నిజం. మిగతాది ఆయన అభిమానం.

నాకిచ్చిన అంశం కుండీల్లో స్ట్రాబెర్రీ పెంపకం. మట్టి, నీళ్ళు, ఎరువు, పురుగు అని వరసగా రాసుకొచ్చాను. కానీ నిన్న రాత్రి మా తోటికోడలు ఫోన్ చేసింది. అది చెప్పకుండా మట్టి దగ్గరికి వెళ్ళలేను.

ఆమె ఫోన్లో చూసి విత్తనాల ప్యాకెట్ తెప్పించింది. నీలం రంగు స్ట్రాబెర్రీ! బొమ్మలో నేరేడు పండులా నిగనిగలాడుతోంది. కొత్తిమీర కట్టకు కూడా బేరమాడే మనిషి, దానికి మారు మాట్లాడకుండా డబ్బు కట్టింది. చల్లింది, రోజూ నీళ్ళు చిలకరించింది. మొలకలొచ్చాయి. వీడియో కాల్ చేసి "అక్కా, వచ్చాయే!" అంటూ ఒకటే సంబరం. చూద్దును కదా, గంగవాయిలి కూర. కుండీ మట్టిలోంచే వచ్చింది. పప్పులో వేసుకో అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నవ్వకండి. అమ్మినవాడిని అడిగితే ఏమన్నాడో తెలుసా? "మీరు నీళ్ళు ఎక్కువ పోసి ఉంటారు మేడం." ఆ మాట నమ్మి నిన్న ఫోన్లో ఆమె నాతో అంది: "నా చెయ్యి మంచిది కాదక్కా, ఇంక మొక్కల జోలికి పోను." డబ్బు పోతే పోయింది. దొండపాదు నుంచి దానిమ్మ దాకా పెంచిన చెయ్యి అది. దాన్ని మంచిది కాదని ఆమెతోనే అనిపించాడు చూశారా, నా కోపం అక్కడ.

ఇక్కడ అలాంటి ప్యాకెట్ కొన్నవాళ్ళు చేతులెత్తండి. సిగ్గుపడకండమ్మా. ...చూశారా! సగం మంది.

నీలం స్ట్రాబెర్రీ లేదు. తెల్లవి ఉన్నాయి, లేత గులాబీవి ఉన్నాయి. నీలం మాత్రం కంప్యూటర్లో పూసిన రంగు. సరే, ఎర్రవాటి విత్తనాలు మంచివే దొరికాయనుకోండి. అవి మొలవడానికే రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మొలిచినా తల్లి మొక్కలాంటి కాపు రాదు. ఎందుకంటే మనం తినే స్ట్రాబెర్రీయే సంకరం.

ఆ కథ బాగుంటుంది. ఫ్రెజియే అని ఒక ఫ్రెంచి ఇంజనీరు. చిలీ తీరంలో స్పెయిన్ వాళ్ళ కోటలు ఎలా ఉన్నాయో చూసి రమ్మని 1712లో పంపారు, అంటే గూఢచారి. కోటల పటాలతో పాటు అక్కడి పెద్ద కాయల స్ట్రాబెర్రీ మొక్కలు కూడా ఓడెక్కించాడు. 1714లో ఇల్లు చేరేసరికి బతికినవి ఐదు. తీరా అవి ఆడ మొక్కలు, కాపు లేదు! తర్వాత, ఉత్తర అమెరికా నుంచి అప్పటికే వచ్చి ఉన్న ఇంకో జాతి పక్కన నాటినప్పుడు దాని పుప్పొడి అంది కాశాయి. ఆ కలయికలో పుట్టిందే ఇవాళ్టి స్ట్రాబెర్రీ. ఈ సంగతి విప్పి 1766లో పుస్తకం రాసిన డ్యుషేన్‌కు అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. ఇలా సంకరం కాబట్టే దీన్ని గింజతో కాదు, తీగతో పెంచుతారు. కాపు అయ్యాక తల్లి మొక్క తీగలు సాగదీస్తుంది, కణుపు మట్టికి తగిలినచోట పిల్ల మొక్క. స్ట్రాబెర్రీ తోటలున్న మహాబలేశ్వర్‌లోనూ అంతే, మన లంబసింగిలోనూ అంతే.

కార్యదర్శి గారు చీటీ పంపారు. ఐదు నిమిషాలట. సరే, మట్టి.

లోతు కుండీ అక్కర్లేదు, వేళ్ళు పైపైనే ఉంటాయి. మట్టి గుల్లగా ఉండాలి, వర్మీకంపోస్టు, కొబ్బరి పొట్టు కలపండి. బూడిద మాత్రం వెయ్యకండి! మన ఇళ్ళలో ప్రతి మొక్కకూ బూడిద వేసే అలవాటు. దీనికి కాస్త పులుపు మట్టి కావాలి, బూడిద క్షారం. అక్టోబరు, నవంబరులో నాటాలి. మొక్క నడుమ చిగురు వచ్చే మొదలు ఉంటుంది, అది మట్టి పైనే ఉండాలి. పూడిస్తే కుళ్ళుతుంది, వేళ్ళు బయటపడితే ఎండుతుంది. సగం మొక్కలు ఇక్కడే చస్తాయి, నిందేమో ఎరువు మీదికి పోతుంది.

నీళ్ళు. అసలు దీని మీదే గంట మాట్లాడాలి. బోరు నీళ్ళ ఉప్పు దీనికి పడదు. ఆకు అంచులు మాడితే తెగులనుకుని మందు కొట్టకండి, ముందు నీళ్ళు మార్చండి. మున్సిపల్ నీళ్ళు వచ్చే రోజు ఒక బకెట్ పట్టిపెట్టుకోండి. నాటిన కొత్తలో వచ్చే పూలు గిల్లేయండి. మనసొప్పదు, తెలుసు. కాయల కింద వరిగడ్డి పరవండి, తడి మట్టికి ఆనితే బూజు పడుతుంది. ఉడుతలకు వల తప్ప వేరే దారి లేదు.

కాయ వంకరగా వచ్చిందని ఒకామె మందు అడిగారు. మందెందుకమ్మా? పైన కనిపించే ఆ గింజల్లో ఒక్కోదానికీ పుప్పొడి అందాలి. అందనిచోట కండ పెరగదు. ఐదో అంతస్తుకు తేనెటీగ రాకపోతే పిల్లల రంగుల కుంచె తీసుకుని పువ్వు మీద మెల్లగా తిప్పండి. పూర్తిగా ఎర్రబడ్డాకే, తొడిమతో కొయ్యండి. కోశాక ఇది మాగదు, తీపి పెరగదు. దూరం నుంచి వచ్చే పండును ముందే కోస్తారు కాబట్టే పుల్లగా ఉంటుంది.

అయిపోయింది, కార్యదర్శి గారూ, చీటీలు చాలు. ఆ బల్ల మీద ట్రేల్లో నా మొక్కల పిల్లలున్నాయి. వింటర్ డాన్ రకం. నిరుడు ఎండాకాలం నీడవల కింద పెట్టినా చాలా పోయాయి, మిగిలినవాటి సంతానం ఇవి. మనిషికి ఒకటే. ముందు ప్యాకెట్ కొని చేతులెత్తినవాళ్ళు రండి, తర్వాత మిగతావాళ్ళు. మా తోటికోడలికి రెండు తీసి పెట్టాను, ఆ నీలం మగ్గు పక్కనున్నవి. వాటిని ముట్టుకోకండి.