హరిశ్చంద్రుడి పంచె ఎలా మాయాలి?

శ్రోతలకు నమస్కారం.

హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను కోసం జనం నిద్ర ఆపుకుని కూర్చుంటారు. భుజాన గొంగళి, చేతిలో కర్రతో హరిశ్చంద్రుడు వస్తాడు. పద్యం ఎత్తుకోకముందే మన గుండె కలుక్కుమనాలి. చాలా ప్రదర్శనల్లో అలా జరగదు. నటుడి గొంతు బాగానే ఉంటుంది, లోపమల్లా దుస్తుల్లోనే. మొదట్లో మఖమల్ కోటు, చమ్కీ, కిరీటం, భుజకీర్తులు. కాటికి రాగానే ఒక్కసారిగా నల్ల గొంగళి. ఇంకెవరో వచ్చారనిపిస్తుంది గానీ, ఆ రాజే ఇలా అయిపోయాడని తట్టదు.

నాట్యశాస్త్రం రాసిన భరతుడు ఆహార్యం, అంటే వేషధారణ గురించి చెబుతూ వేషాలను శుద్ధం, విచిత్రం, మలినం అని మూడు రకాలు చేశాడు. రాజులది విచిత్రం, ఆపదలో పడ్డవాళ్లది మలినం. హరిశ్చంద్రుడు ఆ విచిత్రం నుంచి ఈ మలినానికి మెట్టుమెట్టుగా దిగుతాడు. ఆ మెట్లు చూపించడానికి కిరీటం కన్నా పంచె ఎక్కువ పనికొస్తుంది.

ఒకే నేత, ఒకే బెత్తెడు ఎర్రంచు ఉన్న ఎనిమిది మూరల నూలు పంచెలు మూడు తీసుకోండి. ఒకటి సభకు, ఒకటి కాశీ దారికి, ఒకటి కాటికి. అంచు మారకూడదు. చూసేవాళ్లు మనిషిని గుర్తుపట్టేది ఆ అంచుతోనే.

మొదటిదాన్ని అలాగే ఉంచండి. మిగతా రెండూ వేడినీళ్లలో సబ్బుతో రెండుసార్లు ఉతకాలి. కొత్తబట్టలో గంజి ఉంటే రంగు పట్టదు, పట్టినా మచ్చలు మచ్చలుగా పడుతుంది. ఐదు లీటర్ల నీళ్లలో వంద గ్రాముల టీపొడి వేసి పది నిమిషాలు మరిగించి, గుడ్డలో వడకట్టండి. వడకట్టకపోతే పొడి అంటుకుని చుక్కలు పడతాయి. తడిపి పిండిన పంచెలు అందులో ముంచి, కాశీ పంచెను ఇరవై నిమిషాలకు, కాటి పంచెను గంటకు తీయండి. తడిమీద రంగు ముదురుగా కనిపిస్తుంది, ఆరాకే అంచనా వేయాలి. పాలిస్టర్ కలిసిన బట్టకు ఈ రంగు సరిగా ఎక్కదు.

ఇక మురికి. పంచెనంతా ఒకేలా మాపితే అది మాసినట్టుండదు, రంగు వేయించినట్టుంటుంది. నిజంగా పంచె మాసేది కింది జానెడు, మోకాళ్ల దగ్గర, కూర్చునే చోట, చేతులు తుడుచుకునే చోట. మోకాళ్లు ఎక్కడ పడతాయో ఊహించకండి. నటుడికి పంచె కట్టించి, మోకాళ్లమీద కూర్చోబెట్టి, సుద్దముక్కతో గుర్తు పెట్టండి. తర్వాత విప్పించి, చెక్కమీద బిగించి పరిచి, గరుకు కాగితంతో అక్కడే రుద్దండి. కాటి కదా అని నిజం బూడిద పూస్తారు కొందరు. అది చెమటకు ముద్దయి చంద్రమతి చీరకు అంటుకుంటుంది, పొడి లేచి నటుడి గొంతు పట్టేస్తుంది. పద్యం పాడాల్సిన మనిషికి అంతకన్నా అన్యాయం లేదు.

గొంతు మాట వచ్చింది కాబట్టి, రాజు కోటు కొలతలు తీసేటప్పుడు నటుణ్ని ఊరికే నిలబెట్టకండి, పద్యం పాడించండి. రాగం తీసేటప్పుడు పొట్ట ఎంత ఉబ్బుతుందో చూసి నడుంపట్టీ పెట్టాలి. మెడపట్టీలో రెండు వేళ్లు దూరాలి.

గొంగళి రెండు భుజాలూ కప్పకూడదు. ఒక భుజానే వేస్తే ఆ బరువుకు ఆ పక్క కాస్త కుంగుతుంది, కాటి యజమాని వీరబాహుడికి అమ్ముడుపోయిన మనిషి అక్కడే కనిపిస్తాడు. వెనక నల్లతెర ఉంటే మాత్రం నల్ల గొంగళి అందులో కలిసిపోయి తల ఒక్కటే తేలుతుంది. ముదురు నీలం తెర వేయండి, లేదా వెనకనుంచి ఒక లైటు భుజం మీద పడేలా పెట్టండి. నీలి వెలుగులో ఎర్రంచు నల్లబడుతుంది కనుక చితి వైపునుంచి పసుపుపచ్చ లైటు తప్పనిసరి.

ఆ లైటు అవసరం ఇంకోచోట కూడా ఉంది. కథ ప్రకారం చంద్రమతి మంగళసూత్రం భర్తకు తప్ప ఎవరికీ కనబడదు. హరిశ్చంద్రుడు ఆమెను గుర్తుపట్టేది దానివల్లే. దాన్ని మొదటినుంచీ పైకి కనబడేలా వేస్తే గుర్తుపట్టే ఘట్టం చప్పబడుతుంది, రవికలోంచి చేత్తో బయటికి తీస్తే గారడీలా ఉంటుంది. పైట మెడ చుట్టూ నిండుగా కప్పి, పిన్ను పెట్టకుండా వదలండి. లోహితాస్యుడి మీదికి వంగినప్పుడు పైట దానంతటదే జారాలి, పసుపుతాడు మెడకు జానెడు కింద వేలాడాలి. సింథటిక్ చీర ముందే జారిపోతుంది, గంజి పెట్టిన చీర అసలు జారదు. నాలుగైదు ఉతుకులు పడ్డ మెత్తటి నేతచీరే సరైనది. ఆ వంగడం చీరతోనే, లైట్లతోనే కనీసం పదిసార్లు సాధన చేయించండి. ఇత్తడి సూత్రాలను ఆ సాయంత్రం చింతపండుతో తోమి ఇవ్వండి. చితి వెలుగుకు ఒక్కసారి తళుక్కుమంటే చాలు, చివరి వరుసలో ఉన్నవాళ్లకూ అందుతుంది.